రోజూ జారిపోయే అస్ర్: తల్లుల దినచర్యపై కొన్ని మాటలు

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో స్త్రీల కోసం జరిగే ధార్మిక సమావేశాల్లో ప్రసంగం ముగిశాక తెర వెనుక నుంచి ప్రశ్నల చీటీలు వస్తుంటాయి. వాటిలో అధిక భాగం తెలుగులోనే ఉంటాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే సోదరీమణులకు కూడా రాత తెలుగే. నూర్‌బాషా కుటుంబాల్లోనైతే మాట కూడా తెలుగే. తలాఖ్ గురించి, జకాత్ లెక్క గురించి, తాయెత్తుల గురించి అడిగే చీటీలు ఒకటో రెండో ఉంటాయి. మిగిలినవన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉంటాయి: “పని తెమలడం లేదు. ఆరాధనకు వేళ దొరకడం లేదు. ఏం చేయాలి?”

రేపల్లెలో ఒకసారి వచ్చిన చీటీ సారాంశం ఇది. ఆమెకు ముగ్గురు పిల్లలు. అత్తమ్మ మంచాన పడి ఉన్నారు. భర్త పొద్దున పోతే రాత్రికి గాని రాడు. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి నాలుగు రూపాయలు సంపాదిస్తోంది. ఫజ్ర్ చేస్తుంది, జుహర్ చేస్తుంది, మగ్రిబ్, ఇషా కూడా ఎలాగో చేస్తుంది. అస్ర్ మాత్రం రోజూ జారిపోతోంది. పొద్దు వాలాక గుర్తుకొస్తుంది. అప్పటికి ఎండ పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. ఇక చేసి ఏం లాభమని వదిలేస్తుంది. ఇలా రెండేళ్ళయింది. చివర్లో ఒక్క ముక్క రాసింది: “మౌల్వీ సాబ్, నేను నమాజీల లెక్కలో ఉన్నానా, లేనా?”

ఆ రోజు మేమిచ్చిన జవాబు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అస్ర్ నమాజ్ ఘనత వివరించాం. అది పోగొట్టుకున్నవారి గురించి వచ్చిన హెచ్చరికలు వినిపించాం. గొంతు పెంచి మరీ చెప్పాం. తెర వెనుక నిశ్శబ్దం. మా మాట మనసుకు తాకిందనుకున్నాం. తిరుగు ప్రయాణంలో తెనాలి పాసింజరు బండిలో కూర్చున్నాక అసలు సంగతి తట్టింది. ఆమె అడిగింది భయం కాదు, దారి. భయం ఆమెకు అప్పటికే ఉంది గనుకనే చీటీ రాసింది. ఇంకో సంగతి కూడా తట్టింది. మా సమావేశం అస్ర్ తర్వాత మొదలై మగ్రిబ్ అజాన్ దాకా సాగింది. అంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, కుళాయి నీళ్ళు పట్టుకునే వేళ, రాత్రి వంటకు పొయ్యి వెలిగించే వేళ. తల్లుల దినంలో అన్నిటికంటే ఇరుకైన ఘడియల్ని మేమే తీసుకుని, ఆ ఘడియల గురించే వారిని మందలించి వచ్చాం!

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజ్‌ను దీర్ఘంగా చేయాలన్న సంకల్పంతో నిలబడి, వెనుక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే దాన్ని కుదించేవారు. ఆ బిడ్డ తల్లికి కష్టం కలగకూడదన్నదే కారణమని ఆయనే (స) స్వయంగా తెలియజేశారు. ఇది బుఖారీలో ఉన్న హదీసు. మదరసాలో ఎన్నిసార్లు చదివామో! ఇమామ్ కూడా తల్లి వేళను గమనించి తన ఆరాధనను సర్దుకోవాలన్న పాఠం అందులో ఉందని మాత్రం ఆ బండిలో గాని తలకెక్కలేదు. మరుసటి నెల నుంచి సమావేశాన్ని జుహర్ తర్వాతకు మార్చి, ముప్పావు గంటకు కుదించాం. ఆ చీటీకి ఇవ్వవలసిన అసలు జవాబును ఇక్కడ రాస్తున్నాం.

పొద్దు వాలినా వదలకూడదు

ముందు ఆ సోదరి పడిన పొరపాటును సరిచేయాలి. ఎందుకంటే ఇది ఆమె ఒక్కరిదే కాదు, మూడు పట్టణాల్లోనూ మాకు ఎదురైంది.

ఎండ పసుపు తిరిగే వరకు అస్ర్‌ను కారణం లేకుండా ఆలస్యం చేయడం అవాంఛనీయం, అంటే మక్రూహ్. అయితే ఆలస్యమైనంత మాత్రాన ఆ నమాజ్ వేళ దాటిపోదు. సూర్యుడు పూర్తిగా అస్తమించే దాకా ఆనాటి అస్ర్ చేయవచ్చు, చేయాలి కూడా. సూర్యాస్తమయానికి ముందు ఒక్క రకాత్ దొరికినా అస్ర్ దొరికినట్లేనన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. సూర్యుడు అస్తమించేటప్పుడు నమాజ్ చేయరాదన్న మాట విని మన సోదరీమణులు తికమక పడుతున్నారు. ఆ నిషేధం నఫిల్ నమాజ్‌లకు, పాత ఖజా నమాజ్‌లకు సంబంధించినది. ఆ రోజు అస్ర్‌కు మినహాయింపు ఉందని హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి.

కాబట్టి సోదరీ! చేతికి పిండి అంటుకుని ఉన్నా, బయట పొద్దు ఎర్రబడినా సరే, చేతులు కడుక్కుని వుజూ చేసి నాలుగు రకాత్‌ల ఫర్జ్‌కు నిలబడండి. అస్ర్‌కు ముందున్న సున్నత్‌లు గట్టిగా తాకీదు చేయబడినవి కావు. వేళ ఇరుకైనప్పుడు వాటిని వదిలేయవచ్చు. నాలుగు రకాత్‌లు నిదానంగా చేసినా ఆరేడు నిమిషాలే. “ఇక ఏం లాభం” అన్న మాట మాత్రం షైతాన్ చెవిలో ఊదిన మాట.

ఈ ఒక్క మసలా తెలిసి ఉంటే రెండేళ్ళ అస్ర్‌లలో సగమైనా మిగిలేవి.

జుహర్ వెడల్పు, అస్ర్ ఇరుకు

ఇక అసలు ప్రశ్న. ఐదు నమాజుల్లో ఇదే ఎందుకు జారిపోతోంది?

గోడకు వేలాడే నమాజ్ వేళల పట్టికను తీసుకుని ఒకసారి లెక్క చూడండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నాయి గాని, సూర్యుడికి జిల్లాలు లేవు. ఈ మూడు ఊళ్ళ మధ్య నమాజ్ వేళల్లో తేడా రెండు నిమిషాలకు మించదు. హనఫీ లెక్క ప్రకారం జూన్ నెలలో మన ప్రాంతంలో జుహర్ సుమారు 12:10కి మొదలై సాయంత్రం 4:45 దాకా ఉంటుంది. నాలుగున్నర గంటలు! అస్ర్ 4:45 నుంచి 6:40 దాకా, అంటే రెండు గంటలకు తక్కువే. నవంబరు చివరికి వచ్చేసరికి అస్ర్ 4 గంటల ప్రాంతంలో మొదలై 5:35కే మగ్రిబ్ వచ్చేస్తుంది. అంటే గంటన్నర. అందులో పసుపు ఎండ వేళను తీసేస్తే గంటా పావు మిగులుతుంది.

సరిగ్గా ఈ ఘడియల్లోనే పిల్లలు బడి నుంచి వస్తారు. బూట్లు ఒక మూల, సంచులు ఒక మూల. ఆకలి. క్యారేజీల్లో మిగిలిన అన్నం. చాకిరీ ముగించుకుని వచ్చిన ఆడపడుచుకు టీ. మునిసిపాలిటీ నీళ్ళు. అత్తమ్మ మందు. జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి గుమ్మంలో. జుహర్ విశాలంగా ఉంది గనుక అరగంట అటూ ఇటూ అయినా దొరుకుతుంది. అస్ర్ ఇరుకుగా ఉండి, ఇంటి పనులన్నీ ఆ ఇరుకులోనే వచ్చి పడతాయి. తప్పు ఆ తల్లి భక్తిలో లేదు. ఆ రెండు గంటల అమరికలో ఉంది. అమరికను మార్చవచ్చు.

షాఫయీ మస్లక్ వారికి, అహ్లె హదీసు సోదరీమణులకు అస్ర్ వేళ ముప్పావు గంట నుంచి గంటకు పైగా ముందే మొదలవుతుంది. వారు పిల్లలు రాకముందే తేలిగ్గా చేసుకోగలరు. హనఫీల్లో ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) గార్ల అభిప్రాయం కూడా ముందు వేళకే ఉంది. నిజంగా మరో దారి లేనివారు తమ ఊరి ఆలిమ్‌ను అడిగి ఆ ప్రకారం చేసుకోవచ్చు. కాని చాలామందికి అంత దూరం పోవలసిన అవసరం రాదని మా అనుభవం.

దివ్య ఖుర్‌ఆన్‌లో అల్లాహ్ నమాజ్‌లన్నిటినీ కాపాడుకోమని ఆదేశిస్తూ, వాటిలో మధ్య నమాజ్‌ను ప్రత్యేకంగా పేర్కొన్నాడు (2:238). అది అస్ర్ అని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. కందక యుద్ధం నాడు శత్రువులు అస్ర్ చేయనివ్వకుండా అడ్డుపడినప్పుడు దైవప్రవక్త (స) ఎంతగా బాధపడ్డారో హదీసు గ్రంథాల్లో ఉంది. అస్ర్ పోగొట్టుకున్నవాడు తన ఆలుబిడ్డలనూ, ఆస్తినీ దోపిడీకి పోగొట్టుకున్నవాడితో సమానమన్న భావం గల ఉల్లేఖనం కూడా ఉంది. ఆ రోజు రేపల్లెలో మేము గొంతు పెంచి వినిపించింది దీన్నే. ఇప్పుడు దీన్ని ఇంకోలా చదువుతున్నాం. ఆ సోదరి అస్ర్‌ను వదిలింది ఎవరి కోసం? ఆలుబిడ్డల కోసమే. దేని కోసం పోగొట్టుకుంటున్నామని అనుకుంటున్నామో, నమాజ్‌తోపాటు దాన్నే పోగొట్టుకుంటున్నామని ఆ హదీసు చెబుతోంది. అంటే పిల్లలకూ, నమాజ్‌కూ మధ్య పోటీ పెట్టవద్దన్నమాట.

పనిని జుహర్‌లోకి జరపండి

మేము చెప్పే ఉపాయం చాలా చిన్నది. సాయంత్రం పనిలో ఏది ముందే చేయగలమో దాన్ని జుహర్ వెడల్పులోకి జరపాలి.

మధ్యాహ్నం నమాజ్ అయ్యాక పిల్లల సాయంత్రపు తినుబండారాన్ని సిద్ధం చేసి మూతపెట్టండి. అటుకులు వేయించడమో, శనగలు ఉడకబెట్టడమో, పొద్దుటి పిండిలో నాలుగు అట్లు పోసి ఉంచడమో. రాత్రి కూరకు ఉల్లిపాయలు తరిగి పెట్టండి. పిల్లలు విడిచిన బట్టలు వేసుకోవడానికి ఒక బుట్ట గుమ్మం దగ్గర ఉంచండి. కుట్టుపని చేసే సోదరీమణులు బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చేవారికి “మగ్రిబ్ తర్వాత రండి” అని ఒకే మాట చెప్పండి. రెండు వారాల్లో వాళ్ళకే అలవాటవుతుంది. గిరాకీ పోతుందని భయపడనవసరం లేదు. చెప్పిన వేళకు బట్ట చేతికిచ్చే మనిషిని ఎవరూ వదులుకోరు.

జుహర్ చివరి ఘడియల్లోనే వుజూ చేసుకుని, జానమాజ్ పరిచి ఉంచండి. స్త్రీ ఇంట్లో జమాఅత్ కోసం ఎదురుచూడనవసరం లేదు. వేళ ప్రవేశించగానే నిలబడవచ్చు. మసీదులో అజాన్ తర్వాత జమాఅత్‌కు పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది. ఆ లోపలే మీ అస్ర్ పూర్తవుతుంది. పిల్లలు అప్పటికే వచ్చేస్తే మూత తీసి తినుబండారం వాళ్ళ ముందు పెట్టి, “మీరు తినేలోగా అమ్మ నమాజ్ చేసి వస్తుంది” అనండి. పాలు తాగే బిడ్డ ఉంటే? దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామా (రజి)ను ఎత్తుకుని నమాజ్ చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. పిల్ల వీపు మీదెక్కినా, దుపట్టా లాగినా నమాజ్ పాడైపోయిందని విడిచిపెట్టకండి. (దుపట్టా జారి తల బయటపడితే వెంటనే సర్దుకోవాలి. అందుకే పసిపిల్లల తల్లులు నమాజ్ కోసం తలమీద నుంచి తొడుక్కునే కుట్టిన ఖిమార్ ఒకటి ఉంచుకుంటే సుఖం. కుట్టుమిషను ఉన్న ఇంట్లో అది అరగంట పని.)

మిగిలిన వేళలు

సమస్య అస్ర్‌దే గనుక దాని మీదే ఎక్కువ రాశాం. మిగిలినవాటికి ఒకటి రెండు మాటలు చాలు.

ఒక గంట కూడా కలిసిరాదనుకునే తల్లికి తెల్లవారుజాము ఉంది. తన సముదాయానికి వేకువ ఘడియల్లో శుభం ప్రసాదించమని దైవప్రవక్త (స) దుఆ చేశారు. దాన్ని ఉల్లేఖించిన సఖ్ర్ అల్ గామిదీ (రజి) వ్యాపారి. ఆయన తన సరుకును పొద్దున్నే పంపేవారు, సంపన్నులయ్యారు. ఇది తిర్మిజీ, అబూదావూద్‌లలో ఉంది. ఫజ్ర్ తర్వాత ఇల్లు లేవకముందు దొరికే అరగంటలో ఎక్కువ బుర్ర పెట్టవలసిన పని చేసుకోవాలి. ఖుర్‌ఆన్ ఒక పేజీ, పొదుపు సంఘం కిస్తీ లెక్క, కొలత తేడా వచ్చిన జాకెట్టు కత్తిరింపు, ఇలాంటివి. అంట్లు తోమడానికి ఆ అరగంటను ఖర్చు చేయకండి. అంట్లు పిల్లల గోలలో కూడా తోమవచ్చు.

ఖుర్‌ఆన్ నూర్ సూరాలో (24:58) ఇంటిల్లిపాదికీ ఒక కట్టడి ఉంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు వేళల్లో పిల్లలు కూడా అనుమతి అడిగి లోపలికి రావాలి. ఇది లజ్జకు సంబంధించిన ఆదేశం. దానితోపాటు మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం ఆ ఇళ్ళల్లో మామూలు విషయమని కూడా ఇందులో తెలుస్తోంది. మన స్త్రీలు మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకుంటే అదేదో నేరమైనట్లు గుమ్మంలో అడుగు చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తారు. ఖైలూలా సున్నత్ అమ్మా! పడుకోండి. మే నెలలో బాపట్ల ఎండకు అది లేకుండా సాయంత్రం ఎవరికి ఓపిక ఉంటుంది?

ఇషాకు ముందు నిద్రపోవడాన్నీ, ఇషా తర్వాత కబుర్లాడుతూ కూర్చోవడాన్నీ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. ఒకప్పుడు మన ప్రసంగాల్లో ఈ మాట టీవీ సీరియళ్ళ మీద చెప్పేవాళ్ళం. ఇప్పుడు సీరియల్ చేతిలోకే వచ్చింది. పదిన్నరకు “ఒక్క నిమిషం” అని తీసిన ఫోను పన్నెండుకు గాని కిందపడదు. ఆ పోయిన గంటన్నర ఫజ్ర్ తర్వాతి అరగంటను మింగేస్తుంది. ఇది తల్లులకు చెప్పేముందు తండ్రులకు చెప్పవలసిన మాట.

పడుకునే ముందు రేపటి పనులు ఒక కాగితం ముక్క మీద రాసుకోండి. క్యాలెండరు వెనుక అయినా సరే. మూడు పనులే రాయండి. వంట, అంట్లు రాయనవసరం లేదు, అవి ఎలాగూ ఉన్నవే. గ్యాసు బుక్ చేయడం, చిన్నదానికి టీకా, ఆరిఫాబీ గారి జాకెట్టు అనో మరొకరిదనో, ఇలాగ. పైన “ఇన్షా అల్లాహ్” అని రాయండి. రేపు ఫలానాది చేస్తానని అల్లాహ్ చిత్తాన్ని తలచకుండా అనవద్దని కహఫ్ సూరా (18:23, 24) బోధిస్తోంది. అందులో ఊరట కూడా ఉంది. మూడింట్లో రెండే అయితే మూడోది రేపటికి. పదమూడు రాసుకుని నాలుగు చేసి, తొమ్మిది మిగిలాయని ఏడుస్తూ పడుకోవడంకంటే ఇది మేలు. కొంచెమే అయినా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదన్న హదీసు ఇలాంటి చోటే పనికొస్తుంది.

నమాజ్ లేని రోజుల్లో ఈ అమరిక అంతా చెదిరిపోతోందని బాపట్లలో ఒక సోదరి చెప్పింది. ఆ రోజుల్లో నమాజ్ వేళకు వుజూ చేసుకుని జానమాజ్ చోట కాసేపు కూర్చుని జిక్ర్ చేసుకోవడం మంచిదని హనఫీ ఫఖీహ్‌లు చెప్పారు. అలవాటు తప్పకూడదన్నదే వారి ఉద్దేశం.

అస్గరీ కథ, మగవారి సంగతి

ఉర్దూ చదివిన ఇళ్ళల్లో ఇంటి నిర్వహణ అనగానే “సలీఖా” అన్న మాట వస్తుంది. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో వెలువరించిన ‘మిరాతుల్ ఉరూస్’ అంతా ఆ సలీఖా మీదే. ఢిల్లీకి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ అది. అక్క అక్బరీ గారాబంతో పెరిగి ఇల్లు గుల్ల చేసుకుంటుంది. చెల్లెలు అస్గరీ లెక్కలు రాస్తుంది, ఇంట్లో పాతుకుపోయిన పనిమనిషి మోసాన్ని ఆ లెక్కలతోనే బయటపెడుతుంది, ఆడపిల్లలకు ఇంట్లోనే బడి నడుపుతుంది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ‘బహిష్తీ జేవర్’లోనూ నమాజ్, రోజా మసలాల పక్కనే వంట, ఇంటి లెక్క, ఉత్తరాల రాత ఉన్నాయి. ఇంటి పని అమరిక ధర్మానికి బయటి విషయం కాదని మన పెద్దలు భావించారనడానికి ఇది సాక్ష్యం.

అయితే అస్గరీ కథ చదివిన ప్రతిసారీ మాకు ఒక వెలితి కనిపిస్తుంది. ఇల్లు బాగుపడినా, చెడినా భారమంతా స్త్రీ తెలివి మీదే. మగవాడు మాత్రం కూర్చుని తింటాడు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ అదే. కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారనీ, ఆ పనులు చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేలింది. ఇందులో ఇంకో మెలిక ఉంది. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టే పురుషులే తక్కువ. ఆ కొద్దిమంది లెక్కే ఈ 88 నిమిషాలు.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని హజ్రత్ అస్వద్ (రహ్మ) అడిగితే హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన జవాబు బుఖారీలో ఉంది. ఆయన తమ ఇంటివారి పనుల్లో ఉండేవారు, నమాజ్ వేళ కాగానే నమాజ్‌కు వెళ్ళేవారు. చెప్పులు బాగుచేసుకోవడం, బట్టలు కుట్టుకోవడం, మేక పాలు పితకడం వంటి వివరాలు ఇతర ఉల్లేఖనాల్లో వచ్చాయి. మదీనా రాజ్య భారం, దండయాత్రలు, దూతలు, తగవుల తీర్పులు ఉన్న మనిషి దినచర్య ఇది. మన సోదరుల్లో ఎవరు అంతకంటే తీరిక లేనివారు?

ఇంటి చాకిరీ భార్యకు చట్టరీత్యా తప్పనిసరా అన్నదానిపై ఫఖీహ్‌ల మధ్య చర్చ ఉంది. షాఫయీ, హంబలీ పండితుల్లో అధికులు కాదన్నారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో అది ఆమె ధార్మిక బాధ్యతేగాని, ఖాజీ బలవంతంగా చేయించదగ్గది కాదు. ఈ సంగతి తగవుకు పనికొచ్చేది కాదు, ఆమె చేస్తున్న దానిలో ఎంత భాగం ఉపకారమో భర్త గుర్తించడానికి పనికొచ్చేది. రేపల్లె సోదరి భర్త ఇంటికి వచ్చేది రాత్రికి. సరే, అస్ర్ వేళ సాయపడలేడు. రాత్రి మర్నాటి క్యారేజీలు కడిగి పెట్టగలడు, అత్తమ్మకు (తన తల్లే కదా) రాత్రి మందు వేసి పక్క సర్దగలడు, పదేళ్ళ కొడుకుకు తమ్ముడి బూట్లు విప్పడం నేర్పగలడు. పదేళ్ళ కొడుకు ఆ పని చేస్తే మగతనం తగ్గదు.

ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె అస్మా (రజి) పెళ్ళయిన కొత్తలో పడిన కష్టాన్ని తానే వివరించారు. భర్త జుబైర్ (రజి)కు ఒక గుర్రం, నీళ్ళు తెచ్చే ఒంటె తప్ప ఏమీ లేవు. గుర్రానికి మేత ఆమే వేసేవారు, నీళ్ళు ఆమే తోడేవారు, తోలుబొక్కెన ఆమే కుట్టేవారు. మూడు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఖర్జూరపు గింజలు నెత్తిన మోసుకొచ్చేవారు. పిండి కలిపేవారు గాని రొట్టె సరిగా కాల్చడం వచ్చేది కాదు. పొరుగునున్న అన్సారీ స్త్రీలు కాల్చిపెట్టేవారు. తరువాత తండ్రి గుర్రం పని చూసే మనిషిని పంపితే తనకు దాస్య విముక్తి కలిగినట్లయిందని ఆమె అన్నారు. తెనాలిలో ఒక వీధిలో నలుగురు తల్లులు వంతులు వేసుకుని, బస్సు దిగే పిల్లలందర్నీ రోజుకొకరు తీసుకొచ్చి ఒకే ఇంట్లో తినుబండారం పెడుతున్నారు. వారంలో మూడు రోజులు ఒక్కొక్కరికీ ఆ ముప్పావు గంట మిగులుతోంది. వారిలో ఒకరు హిందూ సోదరి. ఆమె వంతు రోజున మిగతా ముగ్గురూ నెమ్మదిగా అస్ర్ చేసుకుంటున్నారు.

అలసటకు

అమరిక అంతా సరిగ్గా కుదిరినా అలసట ఉంటుంది. హజ్రత్ ఫాతిమా (రజి) చేతులు తిరగలి తిప్పి తిప్పి కాయలు కాచాయి. పనిమనిషిని అడుగుదామని తండ్రి ఇంటికి వెళ్ళారు. ఆయన (స) లేరు. హజ్రత్ ఆయిషా (రజి)కు చెప్పి తిరిగొచ్చారు. ఆ రాత్రి వాళ్ళు పక్క మీద చేరాక దైవప్రవక్తే (స) వచ్చారు. లేవబోతే వద్దని వారించి ఇద్దరి మధ్య కూర్చున్నారు. ఆయన పాదాల చల్లదనం తమకు తగిలిందని హజ్రత్ అలీ (రజి) గుర్తుచేసుకున్నారు. నిద్రకు ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు చదవమనీ, అడిగిన పనిమనిషికంటే అది మేలనీ నేర్పారు. హజ్రత్ అలీ (రజి) ఆ తర్వాత దాన్ని ఏనాడూ వదల్లేదు, సిఫ్ఫీన్ యుద్ధపు రాత్రి కూడా.

ఈ హదీసును చూపించి భార్యకు సాయం నిరాకరించే మగవారిని చూశాం. వారు ఒకటి గమనించాలి. “నీకేం అలసట” అని ఆయన (స) అనలేదు. చల్లటి రాత్రివేళ నడిచి కూతురి పక్క దగ్గరికి వచ్చారు. ఆ తస్బీహ్‌ను అలీ (రజి)కి కూడా నేర్పారు.

పోయిన అస్ర్‌ల లెక్క

ఇక చీటీలోని చివరి మాట. రెండేళ్ళ అస్ర్‌ల సంగతేమిటి? వదిలిన ఫర్జ్ నమాజ్‌లను ఖజా చేయాలన్నది నాలుగు మస్లక్‌ల ఇమాముల మాట. తౌబా చేస్తే పాపానికి క్షమాపణ దొరుకుతుంది, నమాజ్ అప్పు మాత్రం తీర్చాలి. రెండేళ్ళంటే సుమారు 730 రోజులు. అందులో నెలకు నమాజ్ లేని రోజులు తన అలవాటును బట్టి ఆరో ఏడో తీసేయాలి. మిగిలేవి 560, 590 మధ్య ఉంటాయి. సందేహం ఉంటే ఎక్కువ సంఖ్యనే తీసుకోవాలి. రోజూ జుహర్ తర్వాత, ఆ వెడల్పు వేళలోనే, ఒక ఖజా అస్ర్ నాలుగు రకాత్‌లు చేస్తే సుమారు రెండేళ్ళలో తీరుతుంది. రెండు చేయగలిగిన రోజు రెండు చేయవచ్చు. “నా మీద ఉన్న ఖజా అస్ర్‌లలో మొదటిది చేస్తున్నాను” అని సంకల్పం చేసుకుంటే చాలు, తేదీలు గుర్తుండనవసరం లేదు. సూర్యోదయం, నడినెత్తి పొద్దు, సూర్యాస్తమయం, ఈ మూడు వేళలు తప్ప ఎప్పుడైనా చేయవచ్చు. క్యాలెండరులో ఆనాటి గడిలో చిన్న గీత గీసుకోండి. నెల పేజీ చింపేటప్పుడు గీతలు లెక్కబెట్టి వెనుక అట్ట మీద రాసుకోండి. వుజూ, జానమాజ్ సిద్ధంగానే ఉన్నాయి గనుక దీనికి పట్టేది మరో ఆరేడు నిమిషాలు.